ఇంటికెళ్లాక ఎవరికి హుషారు తగ్గింది? ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీ కేసు

అమెరికా ఆసుపత్రుల తరఫున ఇన్సూరెన్స్ బిల్లులు వసూలు చేసిపెట్టే కంపెనీలు హైదరాబాద్‌లో కొల్లలు. అలాంటి ఒక మధ్యతరహా కంపెనీలో నేను హెచ్‌ఆర్ చూసేదాన్ని. 2021లో ఒక రివ్యూ మీటింగ్‌లో యాజమాన్యం నా ముందు పెట్టిన మాట ఇది: "ఇంటి దగ్గర కూర్చోబెట్టాక జనానికి పని మీద ఇంట్రస్ట్ పోయింది. మోటివేషన్ ప్రోగ్రామ్ ఏదైనా పెట్టండి." ఆన్‌లైన్ తంబోలా, శుక్రవారం క్విజ్, బాగా చేసినవాళ్లకు గిఫ్ట్ వోచర్ అని అప్పటికే ఒక పట్టీ కూడా రాసిపెట్టి ఉంది.

అవి మొదలుపెట్టే ముందు అసలు ఇంట్రస్ట్ పోయింది ఎవరికో చూద్దామని గడువు అడిగాను. ఆ గడువులో కనబడినది, ఆ తర్వాత మేం మార్చినది ఈ కేసు. క్లయింట్లతో గోప్యత ఒప్పందాలున్నాయి కాబట్టి మా ప్రొడక్షన్ అంకెలు ఇక్కడ ఇవ్వను. ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నంతవరకే చెబుతాను. శాతాలు కనబడినచోట అవి బయట అచ్చయిన పరిశోధనలవి.

రెండు రకాల పని

మా దగ్గర రెండు పెద్ద టీములు. ఒకటి కోడింగ్. డాక్టరు రాసిన చార్టు చదివి జబ్బుకు ఐసీడీ-10 కోడు, చేసిన వైద్యానికి సీపీటీ కోడు వేయడం వీళ్ల పని. చార్టుకీ కోడర్‌కీ మధ్య మూడో మనిషి ఉండడు. రోజుకు ఇన్ని చార్టులని టార్గెట్. వాటిలో కొన్నిటిని ఆడిటర్ మళ్లీ చూసి తప్పొప్పులు రాసి పంపుతాడు. పగలు చేసినా, రాత్రి చేసినా పెద్ద తేడా రాదు.

రెండోది ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన బాకీల) కాలింగ్. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వకుండా ఆపిన క్లెయిములు పట్టుకుని, అక్కడి పగటివేళ ఫోన్ చేసి, ఎందుకు ఆపారో కనుక్కుని, ఏం పంపితే ఇస్తారో తేల్చాలి. అమెరికా ఎండాకాలంలో మన సాయంత్రం 6.30 నుంచి తెల్లవారుజామున 3.30 దాకా షిఫ్టు. అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాక 7.30 నుంచి 4.30. షిఫ్టులో పెద్ద ముక్క హోల్డ్ మ్యూజిక్ వినడంతోనే గడిచిపోతుంది. తీరా లైన్లోకి వచ్చిన మనిషి ఒక కాల్‌లో మూడు క్లెయిములకు మించి చూడనని పెట్టేయొచ్చు.

ఇంటి నుంచి పని గురించి జరిగిన ప్రతి మీటింగ్‌లోనూ ఈ ఇద్దరినీ "ఎంప్లాయీస్" అని ఒకే గాటన కట్టేశారు. ఉత్సాహం తగ్గిందన్న ఫిర్యాదులో సగం చిక్కు అక్కడే ఉంది.

2020 చెప్పిన అబద్ధం

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా. క్యాబుల్లో డెస్క్‌టాప్‌లు వేసి ఇళ్లకు పంపాం. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఉండే పిల్లలు ఖమ్మం, తెనాలి, నంద్యాల వెళ్లిపోయారు. కొందరికి సిస్టమ్ ఊరికే చేర్చాల్సి వచ్చింది. యూపీఎస్ ఉన్న ఇల్లు అరుదు.

ఆ మూడు నాలుగు నెలలు అందరూ విరగబడి పనిచేశారు. ఆ గ్రాఫు చూపించి "చూశారా, ఇంటి నుంచి పని ఎంత బావుందో" అన్న పెద్దలు మా కంపెనీలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. నేను ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేశాను. ఏప్రిల్, మే నెలల్లో అమెరికాలో అత్యవసరం కాని ఆపరేషన్లు ఆపేశారు, క్లెయిములు పడిపోయాయి, చేతికొచ్చే పనే తక్కువ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో మనిషి చూపించే చురుకుదనాన్ని మోటివేషన్ అంటే, అప్పులవాడు తలుపు తట్టినప్పుడు కనబడే చురుకుదనాన్ని కూడా అదే అనాలి.

భయం తగ్గి, పని మళ్లీ పెరిగి, బయట ఉద్యోగాలు దొరకడం మొదలయ్యాకే అసలు రంగు బయటపడింది. ఆలోగా 2020 నవంబరులో టెలికాం శాఖ బీపీఓలకు పాత నిబంధనలు సడలించడంతో, ఇంటి నుంచి కాలింగ్ తాత్కాలిక ఏర్పాటు కాకుండా పోయింది. ఇక అది అలాగే సాగుతుందని జనం ఖాయం చేసుకున్నారు. ఊళ్లో గది కట్టుకున్నవాళ్లు, పెళ్లి సంబంధంలో "ఇంటి నుంచే ఉద్యోగం" అని చెప్పుకున్నవాళ్లు ఉన్నారు.

మౌస్ కదలకపోతే

ఫిర్యాదులు ఇలా ఉండేవి: హడిల్‌లో (టీము చిన్న మీటింగ్‌లో) కెమెరా ఆన్ చేయరు. మెసేజ్ పెడితే పలకరు. కాల్స్ సంఖ్య తగ్గింది. సోమవారం పొద్దున్నే "ఫీవర్" అని వాట్సాప్.

దీనికి ఆపరేషన్స్ వాళ్లు వేసిన మందు ఒక ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్. మధ్యమధ్య స్క్రీన్ ఫొటో తీస్తుంది. కాసేపు మౌస్, కీబోర్డ్ కదలకపోతే ఎర్రగా "ఐడిల్" అని చూపిస్తుంది. రోగుల వివరాలు ఇంటి గోడల మధ్యకు వెళ్లాయి కాబట్టి భద్రత కోసం కొంత నిఘా తప్పదు, రోగుల గోప్యతకు సంబంధించిన అమెరికా హిపా చట్టం ప్రకారం క్లయింటు అడుగుతాడు కూడా. ఆఫీసులో ప్రొడక్షన్ ఫ్లోర్ మీదకు ఫోనూ, కాగితమూ, పెన్నూ తేనివ్వం కదా. కానీ భద్రత కోసం పెట్టిన పరికరాన్నే బద్ధకం కొలిచే తూనికగా వాడడం మొదలైంది.

ఒక కాలర్ నాతో అన్న మాట యథాతథంగా: "మేడమ్, హోల్డ్‌లో నలభై నిమిషాలు ఉన్నా. మౌస్ ఎందుకు కదుపుతాను? ఆ నలభై నిమిషాలూ ఐడిల్ అని పడింది. మా టీఎల్ (టీమ్ లీడర్) అన్న స్క్రీన్‌షాట్ గ్రూప్‌లో పెట్టాడు."

అతను ఆ నెలలో తన టీములో అందరికంటే ఎక్కువ సొమ్ము రాబట్టినవాడు. మర్నాటి నుంచి హోల్డ్‌లో ఉన్నంతసేపూ మౌస్‌ను ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. అదివరకు ఆ సమయంలో తర్వాతి క్లెయిము పాత నోట్స్ చదువుకునేవాడట. రెండు స్క్రీన్లు ఉండాల్సిన పని ఒక స్క్రీన్‌తో చేస్తున్నాడు కాబట్టి, నోట్స్ చదవడమా మౌస్ తిప్పడమా అంటే మౌసే గెలిచింది. కోడర్లకు ఈ బాధ లేదు, వాళ్ల పనే స్క్రోల్ చేయడం. ఒకే పరికరం ఒకరికి కనబడనే లేదు, ఇంకొకరికి అవమానమైంది.

ఒక షిఫ్టు పక్కన కూర్చుంటే

సర్వేలు పంపితే అందరూ నాలుగో గడి టిక్ పెడతారు. అందుకని కొందరి అనుమతితో షిఫ్టంతా స్క్రీన్ షేర్‌లో పక్కన ఉన్నాను. వాళ్లలో ఒకమ్మాయిది తెనాలి దగ్గర. చేరి ఏడాది కూడా కాలేదు, ఆఫీసు ఫ్లోర్ చూసిందే లేదు.

రాత్రి ఎనిమిది దాటింది. ఒక క్లెయిముకు సీఓ-16 డినయల్ (డబ్బు ఇవ్వనని ఇన్సూరెన్స్ తిప్పికొట్టడం) ఉంది. ఏదో సమాచారం లోపించిందని ఆ కోడు అర్థం, ఏది లోపించిందో పక్కనుండే రిమార్క్ కోడు చూసి తేల్చుకోవాలి. ఆ అమ్మాయికి రిమార్క్ కోడు అర్థం కాలేదు. ఇన్సూరెన్స్‌కు ఫోన్ కలిపింది. ఐవీఆర్‌లో (రికార్డు గొంతు చెప్పే మెనూలో) నంబర్లు నొక్కి, హోల్డ్. ఈలోగా టీఎల్‌కు టీమ్స్‌లో ప్రశ్న పెట్టింది. టీఎల్ క్లయింట్ కాల్‌లో ఉన్నాడు. తొమ్మిదింటికి గది తలుపు తెరుచుకుంది. "ఏమ్మా, అన్నం చల్లారిపోతోంది, రెండు ముద్దలు తినిపోరాదూ." "కాల్‌లో ఉన్నానమ్మా." "ఎవరూ మాట్లాడట్లేదుగా, పాట వస్తోంది." సరిగ్గా ఆ క్షణాన అవతలి మనిషి లైన్లోకి వచ్చాడు. తడబడింది. ప్రొవైడర్ నుంచి అదనపు సమాచారం కావాలన్నాడు. ఏ సమాచారమని అడగాలో తోచలేదు. థ్యాంక్యూ చెప్పి పెట్టేసింది. క్లెయిమును పక్కన పెట్టి తర్వాతిది తీసింది. టీఎల్ జవాబు వచ్చేసరికి పది దాటింది, అప్పటికి ఆమె వేరే పేయర్ (డబ్బు ఇవ్వాల్సిన ఇన్సూరెన్స్ కంపెనీ)‌ క్లెయిముల్లో ఉంది.

ఇలా పక్కన పెట్టినవి షిఫ్టు చివరికి ఒక జాబితా అయ్యాయి. తెల్లవారుజామున లాగవుట్ అయ్యేటప్పుడు ఆమె అన్నది: "పొద్దున్నుంచి ఏమీ చెయ్యనట్టు ఉంటుంది మేడమ్, ఒళ్లు మాత్రం అలిసిపోతుంది." షిఫ్టు మొదలైంది సాయంత్రమే అయినా రాత్రి పనిచేసేవాళ్లకు అది పొద్దున్నే.

ఆఫీసులో అయితే కుర్చీ ఇటు తిప్పి, "అన్నా, ఈ పేయర్‌కి సీఓ-16 పడితే ఏం చేస్తాం?" అని అడిగి ఉండేది. పక్క బేలో సీనియర్ తల కూడా ఎత్తకుండా, "మెడికల్ రికార్డ్స్ ఫ్యాక్స్ కొట్టు, మళ్లీ కాల్ అక్కర్లేదు" అనేవాడు. ఆ పది సెకన్లలో ఆమెకు మూడు దొరికేవి: జవాబు, పని తెలుస్తోందన్న ధీమా, నాకొక అన్న ఉన్నాడన్న నమ్మకం. దీనికి ఏ ట్రెయినింగ్ మాడ్యూలూ లేదు, ఏ అప్రైజల్ ఫారంలోనూ కాలమ్ లేదు.

మనస్తత్వ శాస్త్రంలో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ చెప్పిన చట్రం ఇక్కడ పనికొచ్చింది. పని మీద లోపలినుంచి ఆసక్తి పుట్టాలంటే మనిషికి మూడు కావాలంటారు: తన చేతిలో పగ్గాలు ఉండడం, పని చేతనవుతోందన్న నమ్మకం, తోటివాళ్లతో అనుబంధం. కోడర్లకు ఇంటికెళ్లాక పగ్గాలు దొరికాయి. పిల్లల్ని బడికి పంపి పదింటికి కూర్చోవచ్చు, చిక్కు చార్టును ప్రశాంతంగా ఉన్నప్పుడు తీయొచ్చు. ఆడిటర్ రాతపూర్వకంగానే చెబుతాడు కాబట్టి రెండోదీ పోలేదు. 2021 జనవరి 1 నుంచి అమెరికాలో అవుట్‌పేషెంట్ విజిట్‌కు లెవెల్ (ఎంత పెద్ద బిల్లు వేయాలో చెప్పే స్థాయి) నిర్ణయించే పద్ధతే మారింది. హిస్టరీ, ఎగ్జామ్ లెక్కపెట్టడం పోయి, డాక్టర్ తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైనదో, లేదా పెట్టిన సమయం ఎంతో చూడమన్నారు. అంత పెద్ద మార్పును కూడా మా సీనియర్ కోడర్లు ఇళ్లలో కూర్చునే నేర్చుకున్నారు, ఒకరి ఆడిట్ షీట్లు ఒకరు చూసుకుంటూ. కాలర్లకు ఇల్లు పగ్గాలేమీ ఇవ్వలేదు. టైము అమెరికాది, హోల్డ్ ఇన్సూరెన్స్‌ది. ఉన్న రెండూ ఆఫీసులో ఉండిపోయాయి.

అంటే ఇంటి నుంచి పని ఒకరి ఉత్సాహాన్ని పెంచి ఇంకొకరిది తుంచింది. సగటు తీస్తే "కాస్త తగ్గింది" అని వచ్చింది. ఆ సగటుకు తంబోలా వైద్యం.

చైనా లెక్క, చెన్నై లెక్క

మీటింగుల్లో రెండు వర్గాలు రెండు పరిశోధనలు పట్టుకుని కూర్చునేవి.

ఇంటి పక్షానికి ఇష్టమైనది షాంఘైలో 2010-11లో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ చేసిన ప్రయోగం. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం, కంపెనీ సహవ్యవస్థాపకుడు జేమ్స్ లియాంగ్ కలిసి చేశారు. ముందుకొచ్చిన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో అర్హులైన 249 మందిని పుట్టినరోజు సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్నిబట్టి విడదీసి, ఒక సగాన్ని తొమ్మిది నెలలు వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి చేయించారు. పనితీరు 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఈ రెండు వాక్యాల దగ్గరే మా వాళ్లు స్లైడ్ ఆపేసేవారు. ఆ 13లో 9 వరకు విరామాలు, సిక్ లీవులు తగ్గి ఎక్కువసేపు పనిచేయడం వల్ల వచ్చినవే. అర్హత అంటే కంపెనీలో కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, విడిగా ఒక గది ఉండాలి. తెనాలి అమ్మాయి ఈ ప్రయోగంలో చేరి ఉండేదే కాదు. పైగా ప్రయోగం అయ్యాక, ఎక్కడ చేస్తారో మీ ఇష్టం అంటే ఇంటి నుంచి చేసినవాళ్లలో సుమారు సగంమంది ఆఫీసుకే వచ్చేశారు. ఒంటరితనం అన్నారు.

ఆఫీసు పక్షానికి ఇష్టమైనది ఆ తర్వాత కొంతకాలానికి, 2023లో బయటికొచ్చింది. చెన్నైలో డేటా ఎంట్రీ పనివాళ్లను లాటరీ పద్ధతిలో ఇంటికీ ఆఫీసుకూ పంచి చూశారు డేవిడ్ యాట్కిన్, ఆంటొనెట్ షోర్, సుమిత్ షిండే. ఇంట్లో ఉత్పాదకత 18 శాతం తక్కువ. అందులో మూడింట రెండు వంతులు మొదటి రోజునుంచే ఉంది. మిగతాది ఆఫీసువాళ్లు తొందరగా నేర్చుకోవడం వల్ల పెరిగిన దూరం. ఇల్లే కావాలని కోరుకున్నవాళ్లు ఇంట్లో ఇంకా వెనకబడ్డారు. ఇల్లు కావాలనుకునేవాళ్లకు ఇంట్లో ఇతర పనులూ బాధ్యతలూ ఉండడం వింతేమీ కాదు.

నాకు ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డు వచ్చేవిగా కనబడలేదు. పని వచ్చినవాడికి, గది ఉన్నవాడికి ఇల్లు పనికొచ్చింది. పని నేర్చుకుంటున్నవాడికి, హాల్లో టీవీ పక్కన కూర్చున్నవాడికి పనికిరాలేదు. మా కోడర్లు చాలావరకు షాంఘై, మా కొత్త కాలర్లు చెన్నై.

మార్చినవి

మొదట ట్రాకర్. భద్రతకు సంబంధించినంతవరకు ఉంచి, "ఐడిల్" రిపోర్టు టీఎల్‌లకు వెళ్లకుండా ఆపించాను. ఇది నెగ్గడానికే ఎక్కువ కాలం పట్టింది. చివరకు పనిచేసింది వాదన కాదు, హోల్డ్ సమయాన్ని డయలర్ (కాల్స్ కలిపే సాఫ్ట్‌వేర్) నుంచి తీసి ఐడిల్ రిపోర్టు పక్కన పెట్టడం. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

తర్వాత ప్రశ్నల గది. షిఫ్టు పొడుగునా తెరిచి ఉండే ఒక ఆడియో లైన్, అందులో ఒక సీనియర్ కాలర్. ఆ రోజు అతనికి టార్గెట్ ఉండదు, జవాబులు చెప్పడమే పని. టీఎల్‌ను పెట్టొద్దని పట్టుబట్టాను. టీఎల్‌ను అడిగితే "ఇది కూడా తెలీదా" అని అప్రైజల్‌లో పడుతుందని పిల్లల భయం, ఆ భయం ఉత్తదేమీ కాదు. ఒక మనిషి ప్రొడక్షన్ పోతుందని ఆపరేషన్స్ గోల పెట్టింది. పక్కన పెట్టిన క్లెయిముల జాబితా తగ్గడం కనబడ్డాక గోల ఆగింది. ఫైలింగ్ గడువు దాటి సీఓ-29 పడితే ఆ డబ్బు దాదాపు పోయినట్టే, కాబట్టి పక్కన పెట్టిన ప్రతిదీ గడియారం నడుస్తున్న క్లెయిమే. నెమ్మదిగా ఆ లైన్లో అర్ధరాత్రి టీ కబుర్లు కూడా మొదలయ్యాయి. నేను వద్దనలేదు.

కొత్తగా చేరిన కాలర్లకు మొదటి ఆరు నెలలు పూర్తిగా ఆఫీసు. ఆ తర్వాత వారానికి కొన్ని రోజులు. మొదట "మీకు నచ్చిన రోజులు రండి" అన్నారు. ఒకడు మంగళవారం వస్తాడు, వాణ్ని గైడ్ చేయాల్సిన అక్క గురువారం వస్తుంది. క్యాబ్‌లో గంటన్నర కూర్చుని వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుని టీమ్స్‌లోనే మాట్లాడుకోవడం. అందుకని పేయర్ల వారీగా చిన్న గుంపులు చేసి, ఒక గుంపంతా ఒకే రోజుల్లో వచ్చేలా మార్చాం. కోడర్లను ఇళ్లలోనే ఉండనిచ్చాం, కావాలంటే వచ్చేలా.

ఎవరు వస్తారన్నదానిలో మా అంచనా తలకిందులైంది. చిన్నపిల్లల తల్లులు ఇల్లే కోరుకుంటారని యాజమాన్యం లెక్క వేసుకుంది. చాలామంది కోరుకున్నారు కూడా. కానీ వారానికి ఐదు రోజులూ ఆఫీసే కావాలని రాసిచ్చినవాళ్లలోనూ వాళ్లే ముందున్నారు. "ఇంట్లోనే ఉందిగా" అన్న ఒక్క మాటతో గ్యాస్ సిలిండర్, అత్తగారి మాత్రలు, పక్కింటివాళ్ల పార్సిల్ అన్నీ వాళ్లవే అవుతాయి. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోతే "ఇంకా లేవలేదా" అంటారు. ఆఫీసు క్యాబ్ వచ్చి ఇంటి ముందు హారన్ కొడితే, అది ఉద్యోగమని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

పూర్తిగా సొంతూళ్లలో స్థిరపడిన అనుభవజ్ఞులైన కాలర్లలో కొందరు రామన్నారు. వాళ్లను పోగొట్టుకున్నాం. 2023 అక్టోబరు నుంచి టీసీఎస్ ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నాక మా యాజమాన్యం కూడా బిగించింది, అప్పుడు ఇంకొందరు వెళ్లారు. పట్టణాల్లో కోవర్కింగ్ కేంద్రాలు పెట్టి, ముఖ్యంగా ఆడవాళ్లకు ఇంటికి దగ్గర్లో పని కల్పిస్తామని 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. అలాంటి కేంద్రం తెనాలిలోనో నంద్యాలలోనో అప్పుడే ఉండి, అందులో మా కాలర్లు నలుగురు ఒక వరసలో కూర్చునే వీలుంటే, వాళ్లలో కొందరైనా మిగిలేవారు. నా లెక్కలో కాలర్‌కు కావలసింది హైటెక్ సిటీ కాదు, పక్క కుర్చీ.

ప్రమోషన్ల దగ్గర

కాలర్ల దగ్గర ప్రశ్నల గది పనిచేసింది, కొత్తవాళ్లు మొదటి ఏడాదిలోనే మానేయడం తగ్గింది. కోడర్లలో అంతా బావుందనుకుంటుండగా వాళ్లలో ఒక వరస చల్లబడడం మొదలైంది. నాలుగైదేళ్ల అనుభవం, ఆడిట్‌లో ఎప్పుడూ పైన ఉండేవాళ్లు. వరసగా టీఎల్ ఎంపికలు చూస్తే ఆఫీసుకు వచ్చిపోయేవాళ్లకే దక్కాయి. కావాలని ఎవరూ చేయలేదు. "టీఎల్‌గా ఎవరు?" అనగానే కళ్లముందు తిరిగే ముఖమే గుర్తుకొస్తుంది. సీట్రిప్ ప్రయోగంలోనూ ఇదే బయటపడింది. పనితీరు సమానంగా ఉన్నా, ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్ దక్కే అవకాశం తగ్గింది.

అదే కంపెనీ, ట్రిప్ డాట్ కామ్‌గా పేరు మారాక, 2021-22లో 1,612 మందితో మరో ప్రయోగం చేసింది. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు. 2024లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ ఫలితంలో ఉద్యోగం మానేయడం మూడో వంతు తగ్గింది, పనితీరు రేటింగులకూ ప్రమోషన్లకూ నష్టం కనబడలేదు. మేనేజర్ల మనసు మారడం నాకు ఇంకా ముచ్చటేసింది. ప్రయోగానికి ముందు ఉత్పాదకత 2.6 శాతం తగ్గుతుందనుకున్నవాళ్లు, అయ్యాక 1 శాతం పెరిగిందన్నారు. మూడు రోజులు కనబడే మనిషిని మరిచిపోవడం కష్టమని నేను దీన్ని చదువుకున్నాను. మా కోడర్లలో చాలామంది ఒక్క రోజూ కనబడరు.

ఎంపిక కమిటీకి ఫైళ్లు పంపేటప్పుడు ఊరు, ఆఫీసు హాజరు ఉన్న పేజీ తీసేసి, ఆడిట్ చరిత్ర, ఎవరికి నేర్పారన్న వివరాలు ముందు పెట్టడం మొదలుపెట్టాం. మొదటిసారే నంద్యాల నుంచి పనిచేసే ఒక కోడర్ పేరు పైకి వచ్చింది. కబురు చెబితే ఆవిడ వద్దంది. టీఎల్ అంటే ఆఫీసుకు రావాలి, ఇంట్లో మామగారికి డయాలసిస్. జీతం పెరుగుతుందని, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని అందరూ నచ్చజెప్పారు. నేను ఆవిడను వదిలేసి క్లయింటును నచ్చజెప్పే పనిలో పడ్డాను. ఇళ్లలో ఉండే కోడర్ల గుంపు ఒకటి విడదీసి, దానికి టీఎల్ కూడా ఇంటి నుంచే చేసేలా ఆరు నెలలకు ఒప్పుకున్నారు, క్వాలిటీ ఒక్క పాయింట్ తగ్గినా ఆపేస్తామన్న షరతుతో. గడువు అయ్యాక ఆ షరతు గురించి ఎవరూ అడగలేదు. ఆవిడ ఇప్పటికీ నంద్యాల నుంచే టీము నడుపుతోంది.